ఫైర్‌వాల్ ఆపకుండానే ఫైళ్లు పంచుకుందాం

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లికార్డుల దుకాణం నడపాలంటే ఇవాళ ఒక్క కంప్యూటర్ చాలదు. ముందు కౌంటర్ దగ్గర గిరాకీని కూర్చోబెట్టి డిజైన్లు చూపించడానికి ఒకటి, ఉర్దూ మ్యాటర్ కంపోజ్ చేయడానికి ఒకటి, మేడ మీద ప్రింటర్‌కి తగిలించింది మరొకటి. ఒకప్పుడు ఈ వీధుల్లో కాతిబ్‌లు, అంటే లేఖకులు, ఉర్దూని కలంతో నస్తాలిఖ్ లిపిలో రాసేవారు. మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలిఖ్ 1981లో యంత్రాల మీదికి వచ్చింది. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌ని తెచ్చాక ఆ పని మామూలు కంప్యూటర్‌కీ అందింది. తెలుగుకి అను ఫాంట్లు, పేజ్‌మేకర్. పూలకీ, బార్డర్లకీ కోరల్‌డ్రా. చేతిలో పట్టుకుంటే ఒక్క కార్డే. అది తయారయ్యేలోపు దాని ఫైలు ఈ యంత్రం నుంచి ఆ యంత్రానికి నాలుగైదుసార్లు తిరుగుతుంది.

చిక్కు సీజన్‌లోనే వస్తుంది. శవ్వాల్ నెల మొదలైందంటే, లేదా మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే కౌంటర్ దగ్గర నిలబడడానికి చోటుండదు. సరిగ్గా అప్పుడే మేడ మీది నుంచి కేక: "భాయ్, ఫైల్ కనబడ్తలేదు!" కింద కూర్చున్న కుర్రాడు నెట్‌వర్క్ బొమ్మ మీద నొక్కుతాడు. 'నెట్‌వర్క్ పాత్ వాజ్ నాట్ ఫౌండ్' అని ఒక పెట్టె వస్తుంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆయన అవతల మరో దుకాణంలో ఉంటాడు. "అన్నా, ఫైర్‌వాల్ బంద్ చెయ్, అయిపోతది" అంటాడు. బంద్ చేస్తారు. ఫైలు వస్తుంది. ఆ రోజు గండం గడుస్తుంది. ఆపేసిన ఫైర్‌వాల్‌ని మళ్లీ పెట్టాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. సంవత్సరాల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఈ అధ్యాయం ఆ కుర్రాడి కోసం, అతనికి జీతమిచ్చే సేఠ్ కోసం, ఇంట్లో ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఫొటోలు పంపుకోవడానికి అవస్థ పడే వాళ్ల కోసం. మీరు నేర్చుకోవాల్సింది కంప్యూటర్ ఇంజనీరింగ్ కాదు. తెర మీద వచ్చే ప్రశ్నని చదివి జవాబివ్వడం నేర్చుకుంటే పని జరిగిపోతుంది. మనకి ఇంగ్లిష్ అంతంతమాత్రమనో, కంప్యూటర్ మన సబ్జెక్టు కాదనో భయపడి ఆ పెట్టెని చూడగానే మూసేస్తాం. ఆ భయం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. నిజానికి ఫైర్‌వాల్ అడిగేవి మూడే మూడు సంగతులు: ఎవరు వస్తున్నారు, ఏ పని మీద, ఎక్కడి నుంచి. దుకాణం నడిపే మనిషికి ఈ మూడూ రోజూ అడిగే ప్రశ్నలే.

పాతబస్తీలో ఉన్నవాళ్లకి ఫైర్‌వాల్ అంటే ఏమిటో చెప్పడం తేలిక. 18వ శతాబ్దంలో ఈ ఊరి చుట్టూ ప్రాకారం కట్టారు. ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే మొదటి నిజాం పూర్తి చేశాడు. దానికి పెద్ద దర్వాజాలు ఉండేవి, మనుషులు నడిచి పోవడానికి చిన్న ఖిడ్కీలూ ఉండేవి. గోడ చాలావరకు పోయినా దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా ఇంకా నిలిచే ఉన్నాయి. మీ కంప్యూటర్ చుట్టూ ఉన్న గోడకి కూడా అలాంటి తలుపులే, కాకపోతే 65 వేలకి పైగా. వాటిని పోర్టులంటారు, ఒక్కోదానికి ఒక నంబరు. విండోస్ ఫైళ్లు పంచుకునేది 445 నంబరు తలుపులోంచి. లోపలివాళ్లు బయటికి పోవడాన్ని విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపదు. బయటి నుంచి పిలవకుండా వచ్చేవాళ్లని మాత్రం ఆపేస్తుంది. బ్రౌజర్‌లో యూట్యూబ్ చక్కగా నడుస్తూ ఉండగా మేడ మీది కంప్యూటర్‌కి మాత్రం మీ ఫోల్డర్ కనబడకపోవడానికి కారణం అదే. యూట్యూబ్‌ని మీరు పిలిచారు. మేడ మీది కంప్యూటర్ తనంతట తానే మీ గుమ్మంలోకి వచ్చింది.

ఈ కాపలా మొదటి నుంచీ లేదు. విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు అందులో ఫైర్‌వాల్ ఉండేది గానీ ఆపేసి ఉండేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు నెట్‌కి తగిలించిన కంప్యూటర్లలోకి తనంతట తానే దూరింది. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేకపోయింది. ఏడాది తర్వాత, 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ ఫైర్‌వాల్‌ని ముందే పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే మనం ఒక్క నొక్కుతో ఆపేసేది, ఎందరో నష్టపోయిన తర్వాత వచ్చిన కాపలాని.

2017 మే 12న జరిగిన సంగతి మన వాళ్లకి ఇంకా దగ్గరిది. వానాక్రై అనే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క రోజులో ప్రపంచమంతా పాకింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకి తాళం వేసి, విప్పాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు నుంచి శ్రీకాకుళం దాకా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకీ తగిలింది. అది వాడుకున్నది సరిగ్గా 445 తలుపునే, మనం పెళ్లికార్డు పంపుకునే తలుపునే. ఒక ఆఫీసులో ఒక్క యంత్రంలోకి దూరితే చాలు, అదే నెట్‌వర్క్‌లో 445 తెరిచి, అప్‌డేట్ లేకుండా ఉన్న యంత్రాలన్నిటినీ వెతుక్కుంటూ పోయింది. అది చొరబడిన విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. పెట్టుకున్నవాళ్లు బయటపడ్డారు.

ఒక కార్డుల దుకాణానికి అలాంటిది జరిగితే ఏం పోతుందో ఆలోచించండి. ఏళ్లుగా కూడబెట్టిన డిజైన్లు, బార్డర్లు, పాత గిరాకీల మ్యాటర్, రేపు పొద్దున ప్లేట్‌కి వెళ్లాల్సిన పది జాబులు. పెళ్లి తేదీ ఆగదు కదా. అందుకే నేను ఇంత గట్టిగా చెబుతున్నాను: ఫైల్ షేరింగ్ కావాలంటే తప్పకుండా పెట్టుకోండి, కానీ దానికోసం ఫైర్‌వాల్‌ని ఆపాల్సిన పరిస్థితి లేదు. పంచుకోవడానికి కావాల్సిన ఏర్పాటు దానిలోనే ఉంది.

ముందుగా చూడాల్సింది నెట్‌వర్క్ రకం. చాలామంది ఫైర్‌వాల్‌తో కుస్తీ పడతారు గానీ అసలు తప్పు ఇక్కడ ఉంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్లి, మీరు తగిలించుకున్న వైఫై లేదా ఈథర్‌నెట్ పేరు మీద నొక్కండి. ప్రైవేట్, పబ్లిక్ అని రెండు గుండ్రాలు కనబడతాయి. పబ్లిక్ అంటే చార్మినార్ దగ్గర హోటల్ వైఫై లాంటిది, పక్కన ఎవరున్నారో తెలియని చోటు. ప్రైవేట్ అంటే మీ ఇల్లు, మీ దుకాణం. విండోస్ 11 కొత్త నెట్‌వర్క్‌ని మొదట పబ్లిక్ అనే అనుకుంటుంది. రౌటర్ మార్చినా, వైఫై పేరు మార్చినా, దానికి అది కొత్త చోటే. నిన్నటిదాకా వచ్చిన ఫైళ్లు ఇవాళ రావడం లేదని గోలపెట్టే సందర్భాల్లో 'ఈ మధ్య నెట్ కంపెనీ వాళ్లు వచ్చి బాక్స్ మార్చారా?' అని అడిగి చూడండి. చాలాసార్లు అవుననే జవాబు వస్తుంది. దుకాణంలోని మూడు యంత్రాల్లోనూ ప్రైవేట్ పెట్టండి. ల్యాప్‌టాప్‌ని బయటికి తీసుకెళ్లినప్పుడు అక్కడి వైఫై పబ్లిక్‌గానే ఉండనివ్వండి. ప్రైవేట్‌కి ఇచ్చిన అనుమతులు పబ్లిక్‌లో పనిచేయవు కాబట్టి మీరేమీ ఆపక్కర్లేకుండానే తలుపు మూసుకుంటుంది. ఇంత తెలివైన ఏర్పాటుని వాడుకోకపోవడం అన్యాయం.

దీనితో ముడిపడిన ఇంకో విషయం ఉంది. ఎవరూ చెప్పరు గానీ నా దృష్టిలో ఇది ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైనది. గిరాకీ వస్తాడు. పెళ్లికొడుకు ఫొటో ఫోన్‌లో ఉంటుంది. నెట్ సరిగా రావడం లేదంటాడు. "మా వైఫై పట్టుకోండి సాబ్" అని పాస్‌వర్డ్ చెబుతారు. మర్యాద మంచిదే. కానీ ఆ క్షణం నుంచి ఆయన ఫోను మీ కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లోనే ఉంది. మీరు ప్రైవేట్ అనుకున్న చోట ఇవాళ వచ్చిన గిరాకీలంతా ఉన్నారు, నిన్న వచ్చినవాళ్లు మళ్లీ వస్తే వాళ్ల ఫోన్లూ తమంతట తామే తగులుకుంటాయి. ఫోల్డర్ షేరింగ్‌కి విండోస్ ఇచ్చే అనుమతి 'లోకల్ సబ్‌నెట్' వరకే, అంటే ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకే. ఆ హద్దులోకి మీరే అందరినీ పిలిచారు. ఇప్పుడొస్తున్న రౌటర్లలో చాలావాటికి గెస్ట్ నెట్‌వర్క్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. గిరాకీలకి ఆ పాస్‌వర్డ్ చెప్పండి. వాళ్లకి నెట్ వస్తుంది, మీ యంత్రాలు కనబడవు. నెట్ బిగించడానికి వచ్చిన అబ్బాయిని "తమ్ముడూ, గెస్ట్ వైఫై కూడా పెట్టి పో" అని అడిగితే అక్కడికక్కడే చేసి ఇస్తాడు. ఇప్పటికే పాస్‌వర్డ్ ఊరంతా తెలిసిపోయి ఉంటే అసలు వైఫైది కూడా మార్చేయండి.

ఇప్పుడు ఫోల్డర్ పంచుకోవడం. అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అనే రెండు మీటలు ఉంటాయి. అవి పెట్టగానే కావాల్సిన తలుపుని విండోస్ తానే తెరుస్తుంది. మీరు 445 అని విడిగా ఎక్కడా రాయక్కర్లేదు. తర్వాత ఫోల్డర్. చాలా దుకాణాల్లో డీ డ్రైవ్ మొత్తాన్ని, ఎవ్రీవన్ పేరుతో, ఫుల్ కంట్రోల్ ఇచ్చి పంచేస్తారు. లెక్కల పుస్తకం, ఆధార్ కాపీలు, పిల్లల ఫీజు రసీదులు, అన్నీ అందులోనే. అలా వద్దు. 'జాబ్స్' అని ఒక ఫోల్డర్ చేసి దాన్ని మాత్రమే పంచండి. మేడ మీది యంత్రం ప్రింట్ తీయడానికే అయితే చదివే అనుమతి చాలు, రాసే అనుమతి అక్కర్లేదు. ఒక కంప్యూటర్‌కి తాళం వేసే పురుగు పట్టినా, రాసే అనుమతి లేని ఫోల్డర్‌లోని ఫైళ్లని అది ఆ దారిలో పాడుచేయలేదు.

ఇక్కడ ఒక చిన్న ముడి ఉంది. అవతలి యంత్రం పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. మీరు రోజూ కంప్యూటర్ తెరిచే నాలుగంకెల పిన్ కొడతారు. తప్పు అంటుంది. మళ్లీ కొడతారు, మళ్లీ తప్పు. పిన్ ఆ ఒక్క యంత్రం ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది, నెట్‌వర్క్‌లో చెల్లదు. పంచుకోవడం కోసమే ఒక విడి లోకల్ అకౌంట్ చేసుకుని, దానికి పాస్‌వర్డ్ పెట్టి, అది వాడండి. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వేరే యంత్రంలోకి వెళ్లడం కూడా ఆగిపోయింది. అప్‌డేట్ అయిన మర్నాడు షేరింగ్ పోయిందని ఫైర్‌వాల్‌ని తిట్టుకున్నవాళ్లు ఎందరో. అందులో దాని తప్పేమీ లేదు.

ఏది ఎవరి తప్పో తేల్చడానికి ఒక తేలిక గుర్తు చెబుతాను. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చిందంటే మీరు అప్పటికే ఫైర్‌వాల్ దాటేశారు. మిగిలింది అకౌంట్, అనుమతుల సంగతి. 'పాత్ నాట్ ఫౌండ్' అని చాలాసేపు తిరిగి తిరిగి వచ్చిందంటే చాలావరకు తలుపు దగ్గరే ఆగిపోయారు. నెట్‌వర్క్ రకం, ఫైర్‌వాల్, రౌటర్ చూడాలి. పవర్‌షెల్ వాడడం తెలిసినవాళ్లు టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో అవతలి యంత్రం పేరు, 445 పోర్టు ఇచ్చి చూస్తే చివరి వరసలో ట్రూ అనో ఫాల్స్ అనో సూటిగా చెప్పేస్తుంది.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కి పంపే సాఫ్ట్‌వేర్ల కథ వేరు. ఒకప్పుడు ప్రతి దుకాణంలోనూ షేర్‌ఇట్, జెండర్ ఉండేవి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. తర్వాత వాట్సాప్‌లో పంపడం అలవాటైంది. ఫొటోని ఫొటోగా పంపితే అది నాణ్యత తగ్గించేస్తుంది, అచ్చులో ముఖం మసకబారుతుంది. అందుకే ఇప్పుడు క్విక్ షేర్, లోకల్‌సెండ్ లాంటివి వాడేవాళ్లు పెరుగుతున్నారు. నేను లోకల్‌సెండ్‌ని ఉదాహరణగా తీసుకుంటాను. అది ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, ఫైలు ఇంటర్నెట్‌లోకి వెళ్లకుండా మీ వైఫైలోనే ఇటునుంచి అటు వెళుతుంది. అయితే గెస్ట్ వైఫైలో ఉన్న ఫోను మీ కంప్యూటర్‌ని చూడలేదు కాబట్టి ఇది మీ సొంత ఫోన్లకే. గిరాకీ ఫొటో కావాలంటే వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి, నాణ్యత అలాగే ఉంటుంది.

లోకల్‌సెండ్‌ని కంప్యూటర్‌లో మొదటిసారి తెరవగానే విండోస్ ఒక పెట్టె చూపిస్తుంది. ఈ యాప్‌కి నెట్‌వర్క్ నుంచి వచ్చే వాటిని అనుమతించాలా అని అడుగుతుంది. కింద అలో, క్యాన్సిల్. విండోస్ 10లో అయితే ప్రైవేట్, పబ్లిక్ అని రెండు టిక్కు గడులు అక్కడే కనబడతాయి. విండోస్ 11 కొత్త పెట్టెలో షో మోర్ నొక్కితే వస్తాయి. ప్రైవేట్‌కి టిక్కు ఉంచండి, పబ్లిక్‌కి తీసేయండి, అలో నొక్కండి. అంతే. పని అయిపోయింది.

కానీ జరిగేది అది కాదు. పనిలో ఉండగా పెట్టె వస్తుంది, విసుగొచ్చి క్యాన్సిల్ నొక్కేస్తారు. క్యాన్సిల్ అంటే 'తర్వాత చూద్దాం' అని మన లెక్క. విండోస్ దాన్ని 'వద్దు' అనే ఆజ్ఞగా తీసుకుని, ఆ యాప్‌ని ఆపమని నియమాలు రాసిపెట్టుకుంటుంది. మళ్లీ అడగదు. తర్వాత మీరు ఎవరినో అడిగి కొత్తగా అనుమతి నియమం రాసినా పనిచేయదు. కారణం, ఫైర్‌వాల్‌లో ఒకే యాప్‌కి ఆపమనే నియమం, అనుమతించమనే నియమం రెండూ ఉంటే ఆపమన్నదే గెలుస్తుంది. చాలామంది ఈ చోట విసిగిపోయి మొత్తం ఫైర్‌వాల్‌నే ఆపేస్తారు. ఇంత చిన్న పొరపాటుకి అంత పెద్ద మూల్యం ఇస్తున్నారని నాకు బాధగా ఉంటుంది. విప్పడం రెండు నిమిషాల పని. స్టార్ట్‌లో విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ అని వెతికి తెరవండి. ఎడమవైపు ఇన్‌బౌండ్ రూల్స్ నొక్కండి. పెద్ద జాబితా వస్తుంది, భయపడకండి. పేరు గడి మీద నొక్కితే వరసలో సర్దుకుంటుంది. మీ యాప్ పేరు వెతకండి. ఆకుపచ్చ టిక్కు ఉంటే అనుమతి, ఎర్ర గుండ్రం ఉంటే నిషేధం. సాధారణంగా ఎర్రవి రెండు ఉంటాయి, ఒకటి టీసీపీకి, ఒకటి యూడీపీకి (సమాచారం పంపే రెండు పద్ధతులు). ఆ రెంటినీ తీసేయండి. యాప్‌ని మూసి మళ్లీ తెరిస్తే మొదటి పెట్టె తిరిగి వస్తుంది. ఈసారి చదివి జవాబివ్వండి.

పెట్టె రాకపోతే అక్కడే కుడివైపు న్యూ రూల్ నొక్కి ప్రోగ్రామ్ ఎంచుకుని, ఆ యాప్ ఫైలుని చూపించండి. పోర్టు ఎంచుకునే వీలూ ఉంది. లోకల్‌సెండ్‌కి 53317, టీసీపీకీ యూడీపీకీ రెంటికీ. నా సలహా మాత్రం ప్రోగ్రామ్ నియమమే. పోర్టు తెరిస్తే ఆ తలుపులో ఏ సాఫ్ట్‌వేర్ కూర్చున్నా వచ్చేవాళ్లని లోపలికి పిలవగలదు. ప్రోగ్రామ్‌కి ఇస్తే ఆ ఒక్కదానికే. ఒకటే జాగ్రత్త: నియమం ఆ ఫైలు ఉన్న చోటుతో ముడిపడి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయకుండా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచే నడిపి, తర్వాత దాన్ని వేరే చోటికి జరిపితే నియమం చెల్లదు. ముందు ఇన్‌స్టాల్ చేయండి, తర్వాత అనుమతి ఇవ్వండి. ప్రొఫైల్ అడిగిన చోట ప్రైవేట్ ఒక్కటే ఉంచండి. పేరు అడిగినప్పుడు 'లోకల్‌సెండ్, మేడ మీది ఫోన్ కోసం' అని మీకు అర్థమయ్యేలా రాయండి. అడ్వాన్స్‌డ్ నియమాల్లో వివరణ రాయడానికి గడి కూడా ఉంది. తేదీ, ఎవరు పెట్టారో రాసిపెడితే రేపు వచ్చే మెకానిక్‌కీ దారి తెలుస్తుంది.

ఇంత చేసినా ఫోనూ కంప్యూటరూ ఒకదానికొకటి కనబడకపోతే రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ అనే మీట ఉందేమో చూడండి. అది వైఫైలో ఉన్న పరికరాలని ఒకదాన్నొకటి చూడనివ్వదు. ఇక కే7, క్విక్ హీల్ లాంటి యాంటీవైరస్ వేసుకున్నవాళ్లు: వాటి సూట్‌లలో సొంత ఫైర్‌వాల్ ఉంటే, విండోస్‌లో ఎన్ని నియమాలు రాసినా ఆ కాపలా దగ్గర మళ్లీ అనుమతి ఇవ్వాలి.

టోరెంట్ గురించి కొద్దిగా చెప్పి వదిలేస్తాను. లైనక్స్, లిబ్రెఆఫీస్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లనీ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాలనీ దించుకోవడానికి అది చక్కటి మార్గం. క్యూబిట్‌టోరెంట్ లాంటిది అనుమతి అడిగినప్పుడు, దాని ఒక్కదానికే ఇవ్వండి. అనుమతి ఇవ్వకపోయినా దించుకోవడం ఆగదు, అవతలివాళ్లు మిమ్మల్ని వెతుక్కుని రాలేరు కాబట్టి కొన్నిసార్లు నెమ్మదిస్తుంది, అంతే. ఎన్ని నియమాలు రాసినా 'పోర్టు తెరుచుకోలేదు' అంటోందా? రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే దాని బయటి వైపు చిరునామా, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీ నెట్ కంపెనీ చాలామందికి కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చిందని అర్థం. అది మీ ఫైర్‌వాల్ చేతుల్లో లేని విషయం. దానికోసం ఏదీ ఆపకండి. టోరెంట్‌లో మీరు దించుకుంటూనే ఇతరులకి పంచుతూ ఉంటారన్నది కూడా గుర్తుంచుకోండి. కొత్త సినిమా దించుకుంటున్నామనుకునే కుర్రాడు అదే సమయంలో దాన్ని పంపిణీ కూడా చేస్తున్నాడు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం పైరసీకి కనీసం 3 నెలల జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. దుకాణం కంప్యూటర్‌లో ఆ పని జరగనివ్వకండి.

పాత యంత్రాల సంగతి నాకు ఎక్కువ దిగులు కలిగించేది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది. ఇన్‌పేజ్ పాత కాపీకి డాంగిల్ ఉంటుంది, అది ఆ పాత యంత్రంలోనే నడుస్తుంది. అందుకని ఎక్స్‌పీ, విండోస్ 7 ఇంకా మూలన పనిచేస్తూనే ఉంటాయి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసింది. ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ మాట్లాడే భాష పేరు ఎస్‌ఎంబీ. ఎక్స్‌పీకి దాని ఒకటో వెర్షన్ తప్ప వేరేది రాదు. దానితో మాట్లాడడానికని కొత్త విండోస్ 11లో కూడా ఆ పాత వెర్షన్‌ని లేపుతారు. వానాక్రై దూరింది ఆ వెర్షన్‌లోని లోపంలోంచే. అలా చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పాత యంత్రం పని చేసి పెడుతున్నంత కాలం ఉండనివ్వండి, కానీ దాని నెట్ తీగ పీకేయండి. కంపోజ్ అయిన ఫైలుని దానికని విడిగా పెట్టుకున్న ఒక పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, కొత్త యంత్రంలో పెట్టగానే స్కాన్ చేయండి. ఉర్దూ కంపోజింగ్ చేసే పెద్దాయనకి రోజుకి నాలుగుసార్లు లేచి రావడం కష్టమే. ఆ కష్టం దుకాణాన్ని కాపాడుతుందని ఆయనకి నెమ్మదిగా కూర్చోబెట్టి చెబితే ఒప్పుకుంటాడు.

ఎన్ని చేసినా డిజైన్లకి రెండో కాపీ ఉండాలి. ఒక బయటి హార్డ్‌డిస్క్ కొని, శుక్రవారం నమాజుకి దుకాణం మూసేముందు జాబ్స్ ఫోల్డర్ ఎక్కించి, పీకి, బీరువాలో పెట్టండి. పీకడం ముఖ్యం, తగిలించే ఉంచిన డిస్క్‌కి కూడా తాళం పడుతుంది. ఒకవేళ ఫైళ్లకి తాళం పడి డబ్బు అడిగితే, ముందు ఆ యంత్రం నెట్ తీగ లాగేయండి, వైఫై తీసేయండి, మిగతా యంత్రాలని విడదీయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరగా, ఎవరైనా వచ్చి షేరింగ్ సరిచేసి వెళ్తున్నప్పుడు ఆయన బైక్ ఎక్కకముందే ఒక పని చేయండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్ నొక్కండి. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు వరసలు ఉంటాయి. మూడింటి కిందా ఆన్ అని ఉండాలి. ఒక్కటి ఆఫ్ అని కనబడినా, "భాయ్, ఇది పెట్టి ఉండగానే ఫైలు రావాలి, చూపించి పోండి" అని అడగండి. డబ్బు అది చూపించాకే ఇవ్వండి.